అంటునకు పైన, అంటునకు క్రింద

నూజివీటి రసమని మనము పిలుచు చెట్టు ఒక చెట్టు కాదు, రెండు చెట్లు. భూమిలో నున్న వేళ్లును, నేలపై జానెడు మొదలును ఒక చెట్టువి. దానికి పేరు లేదు. ఎవరో తిని పాఱవైచిన నాటుమామిడి టెంకనుండి మొలచినది అది. ఆ పైని బోదె, కొమ్మలు, ఆకు, పూత, పండు మఱియొక చెట్టువి. పేరు దానిది, ఖ్యాతి దానిది, సంతలో ధరయు దానిదే. ఈ రెంటిని కలిపి కట్టిన చోటికి అంటు అని పేరు. ఒక చెట్టునందు పెరుగుచున్నది ఆ రెంటిలో ఏదియో గుర్తించు విధమును గూర్చియు, ఆ విధము మఱచుటవలన మన ప్రాంతమున కలిగిన నష్టమును గూర్చియు నేడు మీతో ముచ్చటింప దలచితిని. ఇది తోటమాలి పని గాని చరిత్ర కాదని పెద్దలలో కొందఱు అనవచ్చును. రాజవంశములలో ఎవరు ఎవరి కొడుకో తేల్చుట చరిత్రమే యైనపుడు, పండు పేరు ఏ కొమ్మకు చెందునో తేల్చుటయు చరిత్రమే యని నా మతము.

మన పూర్వపు వ్రాతలో వేరు అనిన మూలము. బండి ఱ వేసి వేఱు అని వ్రాసినచో అన్యము అని అర్థము. ఇప్పటి అచ్చులో ఆ భేదము చాలవఱకు పోయినది. అంటుచెట్టునకు మాత్రము నేటికిని వేరు వేఱే.

అంటు ఎందుకు కట్టవలసి వచ్చినది? మంచి రసము తిని దాని టెంకనే నాటుకొన రాదా యని అడుగువారు నేటికిని ఉన్నారు. నాటవచ్చును, చెట్టు మొలచును, పెద్దదియు అగును. కాని అది తల్లి వంటిది కాదు. మామిడి పూతపై ఈగలు, తేనెటీగలు మొదలగునవి వ్రాలి ఏ చెట్టు పుప్పొడినో తెచ్చి ఈ చెట్టు పూవునకు అంటించును. కావున ఒక్క చెట్టు క్రింద ఏరిన నూఱు టెంకలు నాటినచో నూఱు విధముల చెట్లు వచ్చును. అందులో తల్లికి సరియైనది ఒకటి దొరకుట లాటరీ వంటిది. పడమటి సముద్రతీరమున కొన్ని జాతులలో ఒకే టెంకనుండి నాలుగైదు మొలకలు వచ్చుటయు, అందు పెక్కు మొలకలు తల్లినే పోలియుండుటయు కలదు. మన తెలుగుదేశపు పేరుపొందిన మామిళ్లు సామాన్యముగా ఒంటి మొలకవి. వీని పేరు నిలుచుటకు అంటు తప్ప వేఱు దారి లేదు. చిన్నరసమను చెట్టు మొట్టమొదట ఎక్కడనో ఒక్క టెంకనుండి మొలచిన ఒక్క చెట్టు. నేడు మనము చూచు చిన్నరసములన్నియు ఆ ఒక్క చెట్టు కొమ్మలే. తెగి, అంటుకొని, మఱల తెగి, మఱల అంటుకొని, ఊరూర తిరుగుచున్న కొమ్మలు.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. క్రీస్తుశకము ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయము కేటాయించెను. పనస, నేరేడు, దానిమ్మ, ద్రాక్ష, మాదీఫలము మొదలగువాని కొమ్మలకు పేడ పూసి, మఱియొక చెట్టు మొదలు నఱకిన చోటనో బోదెయందో నాటవలెనని అందు చెప్పబడినది. ఆ పట్టికలో మామిడి లేదు. పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకొనిరి. వారును, వారితో వచ్చిన మతగురువులును అచ్చట మామిడికి అంటు కట్టుటను వ్యాపింపజేసిరని చరిత్రకారులు చెప్పుదురు. ఆల్ఫాన్సో అను మామిడికి ఆ పేరు గోవాను జయించిన అఫోన్సో ద అల్బుకెర్కి పేరునుండి వచ్చినది. ఉత్తరమున అక్బరు పాదుషా దర్భంగాకడ లక్ష మామిళ్ల తోట వేయించెనని ప్రసిద్ధి.

తెలుగుదేశమునకు ఈ విద్య ఏ త్రోవను వచ్చినదో పండ్ల పేర్లే కొంత చెప్పుచున్నవి. ఇమాంపసందు, జహంగీరు అను పేర్లలో తురకల దర్బారు వినబడును. బనగానపల్లె మామిడి నవాబుల సంస్థానము పేరు ధరించి, 2017లో భౌగోళిక గుర్తింపు పొందినది. కలెక్టరు అను పేరు వినగానే కుంపిణీ దొరల కాలము కంటికి కట్టును. చెఱకురసము, పంచదారకలశ, కొత్తపల్లి కొబ్బరి, సువర్ణరేఖ యనునవి మన ఇంటి పేర్లు. ఎవరు పెట్టిరో తెలియదు గాని, తిన్నవారు పెట్టిన పేర్లనుటకు సందేహము లేదు. నవాబునకు గాని జమీందారునకు గాని తోట యనిన వైభవము. తోటమాలులకు జీతమిచ్చి, కుండలలో మొక్కలు పెంచి, తమకు నచ్చిన చెట్టును పది చెట్లుగా చేయించుకొనుటకు తీరిక యుండెను. సామాన్య రైతునకు టెంకయే గతి. కనుకనే పాత గ్రామములలో చెఱువుగట్లపై నున్న మహావృక్షములు తఱుచుగా టెంకచెట్లు. జమీందారీ తోటలలోనివి అంటుచెట్లు.

మన ప్రాంతమున అట్టి తోటలకు నూజివీడు కాణాచి. అప్పారాయ వంశపు జమీందారుల ఏలుబడిలో అచ్చటి ఎఱ్ఱనేలలయందు మామిడి వర్ధిల్లినది. 1948 నాటి శాసనముచే జమీందారీలు రద్దైనవి. తోటలు చేతులు మాఱినవి. చెట్లు మాత్రము తమ పేర్లను విడువలేదు. 2022 ఏప్రిలు వఱకు నూజివీడు కృష్ణాజిల్లాలో నుండెను. ఇప్పుడు ఏలూరు జిల్లాలో నున్నది. ఏలూరో 1925 నుండి పశ్చిమగోదావరికి ముఖ్యపట్టణమై, ఇప్పుడు తన పేరిటనే వేఱు జిల్లా యైనది. తాడేపల్లిగూడెము పశ్చిమగోదావరిలోనే నిలిచినది. పైన జిల్లా పేరు మాఱినను క్రింది నేల పాతదే. ఇదియు ఒక విధమైన అంటే.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. ఏలూరు కాలువ ఆ రెండు నదులను కలిపినది. కుండలోని అంటుమొక్కకు బండి కుదుపుకంటె పడవ ప్రయాణము సుఖమని మీకు నేను చెప్పనక్కఱలేదు. 1893లో ఈ ప్రాంతమున రైలు నడచినది. పిదప పండ్లు దూరదేశములకు పోవుటకు వీలు కలిగి, ధర పలికెడి పేర్లకు గిరాకి హెచ్చినది. గిరాకి హెచ్చినచోట అంటులు హెచ్చును. అంటులు హెచ్చినచోట పొరపాట్లును హెచ్చును.

ఆ పొరపాటు ఎక్కడ పుట్టునో తెలియవలెనన్న అంటు కట్టు విధమును కొంచెము వివరింపవలెను. పూర్వము మన తోటలలో జరిగినది దగ్గఱ అంటు. మామిడి టెంక చిరకాలము జీవముతో నుండదు. పండు తిన్న కొలదిదినములలోనే నాటవలెను. వేసవిలో నాటిన టెంక మొలచి, మఱుసటి వర్షాకాలమునకు పుల్లంత లావగును. ఆ కుండను తల్లిచెట్టు కడకు తీసికొనిపోయి, కొమ్మ యెత్తునకు మంచె కట్టి దానిపై నిలుపుదురు. మొక్క కాండమును ఒక ప్రక్క రెండంగుళములు పలుచగా చెక్కి, తల్లికొమ్మను అదేవిధముగా చెక్కి, గాయమునకు గాయము చేర్చి అరటినారతో కట్టి, పైన బంకమన్ను, పేడ మెత్తుదురు. రెండు మూడు నెలలు కుండకు నీళ్లు పోయుచు కాచుకొని యుందురు. రెండును అతుకుకొనిన పిదప రెండు కోతలు కోయవలెను. తల్లికొమ్మను అతుకునకు క్రింద కోయవలెను. టెంకమొక్క తలను అతుకునకు పైన కోయవలెను. ఈ రెండవ కోతయే ముఖ్యము. పైన కోయవలసినదానిని క్రింద కోసినచో రెండు నెలల శ్రమయు వృథా. టెంకమొక్క తలను కోయుట మఱచినచో మొక్కకు రెండు తలలుండును: ఒకటి రసము, ఒకటి పులుపు. కొన్నవాని కంటికి అది గుబురుగా, పుష్టిగా కనబడును. సంతోషముతో ఎక్కువ ధర యిచ్చియు కొనిపోవును!

తలను సరిగా కోసినను క్రిందిది చావలేదు, నిద్రించుచున్నది. దాని బెరడులో కన్నులు దాగియుండును. పైకొమ్మ బలముగా పెరుగుచున్నంత కాలము అవి లేవవు. పైకొమ్మ ఎండకు మాడినను, పశువు కొఱికినను, పురుగు తొలిచినను, గాలికి విఱిగినను అవి మేల్కొనును. నేటి నర్సరీలలో అరటినారకు బదులు కట్టు ప్లాస్టిక్ పట్టీని సకాలమున విప్పనిచో అది కాండమును ఉరి వేసినట్లు బిగించి పైకొమ్మను నీరసింపజేయును. అప్పుడును ఇదియే ఫలితము. వేరు తెచ్చిన నీరు ముందుగా అందునది క్రింది చిగురునకు. అది రెండేండ్లలో పైదానిని మించి పోవును. చూచువాడు చెట్టు తిరిగి కోలుకొన్నదని సంతసించును. నిజమునకు కోలుకొన్నది వేఱొక చెట్టు.

ఇక గుర్తించు విధము. అన్ని జాతులలోను ఇది ఒక్కటే తీరున కష్టము కాదు. అన్నింటికంటె తేలికయైనది సపోటా. ఈ చెట్టు మెక్సికో, మధ్య అమెరికా దేశములనుండి వచ్చినది. మన దేశమున దానికి ఆధారమైనది మన పాలచెట్టు. రెండును పాలు కాఱునవియే, చుట్టములే. కాని ఒక ఇంటివి కావు. పాలచెట్టు ఆకు దళసరిగా, ముదురు పచ్చగా నుండి, కొన గుండ్రమై నడుమ చిన్న నొక్కుతో నుండును. సపోటా ఆకు కొన సూదిగా దేలియుండును. పాలపండు చిన్నది, పసుపుపచ్చనిది, పల్లెపిల్లలకు చిరపరిచితము. తాడేపల్లిగూడెపు మెట్టలో సపోటాతోట నున్నవారు మొదట మొలచిన చిగురుల ఆకుకొన చూచిన చాలును: నొక్కు ఉన్నచో అది పాల, తీసివేయవలెను. చీకటిలో వ్రేలితో తడిమియు చెప్పవచ్చును. సపోటాలోనే ఒక రకమునకు పాల యను పేరుండుటచే కొందఱు తికమకపడుదురు. ఆ రకపు ఆకుకొనయు సపోటా కొనయే గాని పాలచెట్టు కొన కాదు.

బత్తాయికి జంబీరమో, రంగపురపు నిమ్మయో ఆధారముగా వాడుదురు. అప్పటి కడపజిల్లా కోడూరులో 1935లో స్థాపితమైన ఫలపరిశోధనాస్థానమున ఈ ఆధారవృక్షములను గూర్చి దీర్ఘకాలము పరిశోధనలు జరిగినవి. జంబీరపు లేతచిగురునందును మొగ్గయందును ఊదా చాయ కనబడును. బత్తాయి మొగ్గ తెలుపు. బత్తాయి ఆకుకాడకు ఇరుప్రక్కల సన్నని రెక్క యుండును. జంబీరమునకు అది యుండీ యుండనట్లుండును. ఆకు నలిపిన నిమ్మవాసన వచ్చును. ముండ్లు మెండుగా నుండును. జపాను, అమెరికా మొదలగు దేశములలో వాడు ఒక ఆధారవృక్షమునకు మారేడుదళము వలె మూడేసి ఆకులుండును. అచ్చటి రైతు ఎంత అదృష్టవంతుడో! బండిలో పోవుచునే చూచి చెప్పగలడు. రేగు, గులాబి మొదలగువానిలోను అడవిజాతికిని తోటజాతికిని ఆకు, ముల్లు తేడా పడును గనుక వానిని గూర్చి విస్తరింపను. కడియపు నర్సరీల గులాబి తెచ్చుకొని, రెండేండ్లకు చిన్న చిన్న పూలు పూయు ముండ్లపొద యైనదని విచారించు గృహిణులకు కారణమిప్పటికి తెలిసియుండును.

కష్టమంతయు మామిడితోనే. ఏలయన ఇచ్చట పైదియు మామిడియే, క్రిందిదియు మామిడియే. క్రిందిది ఇట్టిదే యని చెప్పుటకును వీలు లేదు. అది టెంకమొక్క గనుక ఒక్కొక్క చెట్టు క్రింద ఒక్కొక్క విధముగా నుండును. పుల్లమామిడి ఆకు ఇట్లుండునని ఒక చిత్రము గీసి మీకు చూపగలవాడు లేడు. కావున మామిడిలో మొదటి ఆధారము ఆకు కాదు, స్థానము. అతుకు ఎక్కడ నున్నదో ముందు కనుగొనవలెను. చిన్న మొక్కలో అది స్పష్టము. నడివయసు చెట్టులో మొదట ఒక వంపు గాని, చుట్టును ఉబ్బిన వలయము గాని, ఏటవాలు మచ్చ గాని కనబడును. ముసలిచెట్టులో అతుకునకు పైన బెరడు ఒక తీరునను, క్రింద మఱియొక తీరునను ఉండుట కలదు. ఒకటి పెచ్చులు పెచ్చులుగా, ఒకటి నున్నగా. పిదప అనుమానించిన కొమ్మను కొననుండి మొదలు వఱకు వ్రేలితో అనుసరించి రావలెను. కంటితో చాలదు, గుబురులో కన్ను మోసపోవును. అతుకునకు పైన పుట్టినది మనది. క్రింద పుట్టినది టెంకది.

స్థానము తేలనప్పుడు తక్కిన సాక్ష్యములు కావలసి వచ్చును. ఒకటి చిగురు. మామిడిలో లేతచిగురు వన్నె జాతిజాతికి మాఱును. కొన్నింటిలో రాగివన్నె, కొన్నింటిలో లేతాకుపచ్చ, కొన్నింటిలో ఎఱుపు తిరిగిన గోధుమవన్నె. చెట్టంతయు ఒక వన్నె చిగురు వేసినపుడు ఒక కొమ్మ వేఱు వన్నెది వేసినచో, లేక చెట్టంతయు చిగిర్చినపుడు అది చిగుర్పక తరువాత చిగిర్చినచో, ఆ కొమ్మను సందేహింపవలెను. కాని ఒకే వయసు చిగురులను పోల్చవలెను. మూడు దినముల చిగురునకును పది దినముల చిగురునకును వన్నె వేఱే. రెండవది వాసన. ఆకు నలిపి వాసన చూచుట మన తోటమాలులకు పాత అలవాటు. ముదురాకు ఒకటి ఈ కొమ్మది, ఒకటి ఆ కొమ్మది రెండు చేతులలో నలిపి చూచిన భేదము తెలియవచ్చును. నస్యము పీల్చువారు ఈ పరీక్షకు పనికిరారు.

మూడవది పూత. ఇది అన్నింటికంటె నమ్మదగినది, కాని ఓపిక కావలెను. అంటుకొమ్మ ముదుసలి చెట్టునుండి వచ్చినది. ఆకారమున చిన్నదైనను వయసున పెద్దది. కావుననే నాలుగైదేండ్లలో కాపునకు వచ్చును. టెంకనుండి పుట్టిన కొమ్మకు బాల్యము కలదు. అది ఏండ్ల తరబడి ఆకే గాని పూత పూయదు. చెట్టంతయు మాఘమాసమున పూతతో నిండియుండగా ఒక ప్రక్క ఏపైన కొమ్మ మాత్రము ఏటేట పచ్చగా నిలిచియున్నచో దాని మొదలు వెదకవలెను. నాలుగవది కాయ. కాయ వచ్చిన పిదప సాక్షులతో పని లేదు. కాని అప్పటికి పదియేండ్లు గడచిపోవును.

ఇచ్చట రెండు హెచ్చరికలు చెప్పక తప్పదు. పెద్దకొమ్మ నఱకిన చోట నిటారుగా, ఏపుగా లేచు నీటికొమ్మలు పైచెట్టువే యైనను వాని ఆకులు మిక్కిలి పెద్దవిగా, కణుపుల నడుమ ఎడము ఎక్కువగా నుండి పరాయివానివలె కనబడును. తొందరపడి వానిని టెంకకొమ్మలని నఱకుట తగదు. రెండవది బదనిక. మామిడికొమ్మపై దళసరి ఆకులతో, ఎఱ్ఱని గొట్టపు పూలతో గుత్తిగా పెరుగునది టెంకదియు కాదు, అంటుదియు కాదు. పిట్ట తెచ్చిన విత్తునుండి మొలచి చెట్టు రసము పీల్చు పరాన్నభుక్కు. అది నఱకవలసినదే, కాని వేఱు నేరమునకు.

క్రింది నాటువేరు గుణము పైకి ఎక్కి పండును పాడుచేయునని మనలో ఒక నమ్మకము కలదు. పండు పుల్లగా నున్నచో, క్రింది రక్తము పైకి వచ్చినదందురు. వేరువలన చెట్టు పొడవు, పొట్టి, ఎద్దడిని ఉప్పునేలను ఓర్చుకొను శక్తి, కాపు పరిమాణము మాఱవచ్చును. జాతి మాఱదు. దీనికి ఒక గొప్ప నిదర్శనము ప్రపంచచరిత్రలో నున్నది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున అమెరికానుండి ఫ్రాన్సునకు చేరిన ఫిలాక్సెరా యను పేనువంటి పురుగు ద్రాక్షవేళ్లను తిని ఐరోపాతోటలను నాశనము చేయసాగెను. ఆ పురుగునకు తట్టుకొనునవి అమెరికా అడవిద్రాక్షవేళ్లు. తుదకు అచ్చటివారు ఆ వేళ్లపై తమ ద్రాక్షలను అంటు కట్టి తోటలను తిరిగి నిలుపుకొనిరి. నేటికిని ఫ్రాన్సు ద్రాక్ష ఫ్రాన్సు ద్రాక్షయే. రెండు జాతుల కణజాలము అతుకుకడ కలిసిపోయి ఒకే చెట్టున రెండు విధముల పండ్లు కాసిన వింతయు లేకపోలేదు. ఇటలీలో ఫ్లారెన్సు నగరమున 1644లో అట్టి నారింజచెట్టు కనబడెను. అది వింత గనుకనే ఇన్నాళ్లు చెప్పుకొనుచున్నారు. మన తోటలో పండు మాఱినదన్న, పైచెట్టు పోయి క్రిందిచెట్టు వచ్చినదనియే నూటికి తొంబదితొమ్మిది పాళ్లు అర్థము.

ఇక కొల్లేటిసీమకు వత్తము. బుడమేఱు, తమ్మిలేఱు, రామిలేఱు తెచ్చిన నీరు కొల్లేట నిండి, ఉప్పుటేటి మీదుగా సముద్రమునకు పోవును. సరస్సులోపల మామిడికి తావు లేదు. అంచు గ్రామములలో మెరకదిబ్బలపై, ఇండ్ల పెరడులలో చెట్లున్నవి. ఈ సీమకు ఒక ఆచారము కలదు. వఱదకు వెఱచి ఇంటివారు నాలుగైదేండ్లకొకమాఱు పెరటిలో మట్టి తోలి మెరక చేయుదురు. వఱద యొండ్రును తనవంతు వేయును. నాటినపుడు నేలకు జానెడు పైన నున్న అతుకు ఇరువదియేండ్లకు నేలలో కప్పబడిపోవును. అప్పుడు చెట్టు మొదట లేచిన ప్రతి కొమ్మయు భూమినుండియే పుట్టినట్లు కనబడును. మెట్టతోటలో నిముషములో తేలెడి విషయము కొల్లేటియొడ్డున పార పట్టి త్రవ్వినగాని తేలదు.

భీమడోలునకు దక్షిణమున నున్న ఒక గ్రామమున మా బంధువుల పెరటిలో ఇట్టి చెట్టొకటి యుండెను. ఆ యింటి పెద్దలు నూజివీటి ప్రాంతమునుండి తెచ్చి నాటిన రసము. ఏ రసమో పేరు వారు ఎఱుగరు. పీచు మిక్కిలి తక్కువ, టెంక పలుచన. చిన్నరసముకంటె పొడవైన కాయ. ఆ పోలిక పండు నేను వేఱొక తోటలో చూచి యుండలేదు. 1990 మే నెలలో కృష్ణాముఖద్వార ప్రాంతమున తీరము దాటిన తుపానునకు ఆ చెట్టు కాయతోసహా కూలెను. బోదె నిలువున చీలి, మొదటివఱకు ఊడిపోయెను. మోడునుండి ఐదు కొమ్మలు లేచెను. ఇంటివారు పేరు నిలిచినదని సంతోషించి, మెరక తోలించి, చుట్టును గట్టు కట్టిరి. అవి కాపునకు రాకముందే అంటులు కట్టువాడొకడు వచ్చి వానిలో బలమైన కొమ్మలనుండి పుల్లలు కోసికొనిపోయెను. పాతరసము అంటులని చుట్టుపట్ల నాలుగైదు గ్రామములలో అమ్మెను. కొన్నవారిలో ఒకరు ఎకరము నాటిరి. 2003 వేసవిలో కాయ దిగెను. పీచు, పులుపు, జీడి. కొన్నవారు అంటుగాని మోసమనిరి. వాడు చెట్టువారి మోసమనెను. చెట్టువారు నేల మహిమ యనిరి. రెండు కుటుంబములకు రాకపోకలు నిలిచిపోయెను.

మఱుసటి చలికాలమున నేనా యూరికి పోయినపుడు మొదట అందఱును నాకు చూపినది ఆకు. ఐదు కొమ్మలు గుంపుగా పెరిగి ఆకులో ఆకు కలిసిపోయినది. నేను పార అడిగితిని. మోకాలిలోతు త్రవ్వగా తూర్పున, దక్షిణమున పాతబెరడు కనబడెను. అది పెచ్చులు కట్టిన బెరడు, దానినుండి నాలుగు లావుకొమ్మలు. ఉత్తరపు ప్రక్క మాత్రము బోదె చీలినపుడు నాలుకవలె ఒక పేడు అతుకునకు పైన మిగిలియుండెను. దాని బెరడు నున్నన. రెంటికి నడుమ ఏటవాలు మచ్చ స్పష్టముగా నుండెను. ఆ నాలుకనుండి లేచినది ఒక్క కొమ్మ. నీడపడి, సన్నగిలి, మణికట్టంత మాత్రమే యున్నది. లావుకొమ్మలకు పుల్లలు కోసిన గాట్లున్నవి. దీనికి ఒక్క గాటును లేదు. బలహీనమైనదానిని ఎవరు కోయుదురు?

ఎవరును అబద్ధమాడలేదు. చెట్టువారు తమ చెట్టే యనిరి, నిజమే. అంటుగాడు ఆ చెట్టునుండియే కోసితిననెను, అదియు నిజమే. ఆ పేరుగల పండు మాత్రము ఆ ఎకరములో ఒక్క మొక్కకును రాలేదు. ఇట్లు ఎన్ని పేర్లు పండ్లు లేక తిరుగుచున్నవో! పాత జాబితాలలో వినబడు పేర్లకును, నేడు ఆ పేరిట అమ్ముడుపోవు మొక్కలకును సంబంధము ఉన్నదో లేదో చెప్పగలవారు ఆ పండ్లను చిన్ననాడు తిన్న వృద్ధులు మాత్రమే. 2007లో తాడేపల్లిగూడెమునకు చేరువ వెంకటరామన్నగూడెమున ఉద్యానవిశ్వవిద్యాలయము స్థాపింపబడినది. నూజివీటను మామిడి పరిశోధనాస్థానము కలదు. నేటి శాస్త్రజ్ఞులు ఆకుముక్కనుండి జన్యుపదార్థమును పరీక్షించి రెండు కొమ్మలు ఒక చెట్టువియో కావో చెప్పగలరు. కాని ఏ కొమ్మ పండు ఫలానా తాతగారు తెచ్చిన పండో ఆ యంత్రము చెప్పదు. పోల్చుటకు మొదట అసలుది ఉండవలెను గదా.

ఆ సన్నకొమ్మపై నీడ వేయు లావుకొమ్మలలో మూడింటిని అప్పుడే కోయించితిమి. రెండు వర్షాకాలములు కాచి, అది కొంత బలిసిన పిదప, దానికి ఆఱు కుండలు చేర్చి పాతపద్ధతిని దగ్గఱ అంటు కట్టించితిమి. ఆఱింటిలో రెండు నిలిచినవి. ఒకటి ఆ యింటనే మెరకపైన, అతుకునకు ఇటుకలతో గూడు కట్టి నాటిరి. రెండవది ఎకరము నష్టపోయినవారికి ఇచ్చిరి. వారు మొదట పుచ్చుకొనుటకు ఇష్టపడలేదు. తరువాత వారి కోడలు వచ్చి తీసికొనిపోయినది. 2011లో పెరటిచెట్టున తొమ్మిది కాయలు నిలిచెను. ఆ యింటి అత్తగారికి అప్పటికి ఎనుబదియేండ్లు దాటినవి, చూపు మందగించినది. పండును చేతబట్టి తొడిమకడ వాసన చూచి, పిండి, రెండు గ్రుక్కలు త్రాగి, ఇది మా మామగారి చెట్టుదే యనెను. టెంకను గోటితో గీకి పీచు చూచి మఱల అదేమాట చెప్పెను.

లావుకొమ్మలు నాలుగింటిలో మూడే కోయించితిమని చెప్పితిని. నాలుగవదానిని ఉంచుమని ఆమెయే పట్టుపట్టెను. దాని కాయ కండగలది, పులుపు దిట్టము, టెంక గట్టి. ఆవకాయకు ఊరిలో దానిని మించినది లేదట. ఏటేట వేసవిలో రెండు జాడీలు దానితోనే పెట్టుచున్నారు.